యొరూబా, ఇగ్బో క్వా భాషలా కాదా? నైజర్-కాంగోలో క్వా చోటు ఏంటి?

మీరు అడిగింది మూడు ముక్కలు. నైజీరియా భాషలైన యొరూబా, ఇగ్బో ఒక పుస్తకంలో క్వా అనే భాషల గుంపు కింద ఉన్నాయి, ఇంకో దాంట్లో బెన్యూ-కాంగో అనే శాఖ కింద ఉన్నాయి, ఏది నమ్మాలి అని ఒకటి. క్వా అనేది ఆఫ్రికాలోని పెద్ద భాషా కుటుంబం నైజర్-కాంగోలో నిజంగా ఒక శాఖేనా అని రెండోది. ఘనాలో మాట్లాడే అకాన్‌కీ ఖండానికి అటు చివర తూర్పు తీరంలో ఉండే స్వాహిలీకీ చుట్టరికం అంటే నమ్మబుద్ధి కావట్లేదు అని మూడోది. ఎం.ఏ. లింగ్విస్టిక్స్ పరీక్ష దగ్గర పడిందన్నారు కాబట్టి ముందు సూటిగా చెప్పేస్తా, తర్వాత ఎందుకో చెప్తా. పాత పుస్తకాల లెక్కలో యొరూబా, ఇగ్బో క్వా, ఇప్పటి లెక్కలో కాదు. క్వా భాషలు నైజర్-కాంగోలోవే, దాంట్లో నాకు ఏ డౌటూ లేదు. కానీ ఈ క్వా భాషలన్నీ ఒక్క తల్లి నుంచి, మిగతా చుట్టాల్ని వదిలేసి విడిగా పుట్టుకొచ్చాయి అనేది మాత్రం ఇంతవరకు నిరూపణ కాలేదు. ఈ రెండు మాటల్నీ కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం వస్తుంది.

ముందు మ్యాప్ ఒకసారి కళ్ల ముందు పెట్టుకోండి. ఐవరీ కోస్ట్ ఆగ్నేయ భాగం, ఘనా దక్షిణం, టోగో, బెనిన్, నైజీరియా నైరుతి మూల, ఇంతే ఇప్పటి క్వా ప్రాంతం. ఘనాలో అకాన్ (ట్వి, ఫాంటె దాని మాండలికాలే), అక్రా నగరం సొంత భాష అయిన 'గా' (Ga), దాని తోబుట్టువు దంగ్మె, ఓల్టా నదికి తూర్పున ఎవె, బెనిన్‌లో ఫాన్, ఐవరీ కోస్ట్‌లో బౌలే, అబిజాన్ చుట్టూ లగూన్ ఒడ్డున ఎబ్రియె, అత్తియె, అదియుక్రు లాంటివి, ఘనా ఉత్తరం వైపుకి గువాంగ్ భాషలు, ఘనా-టోగో సరిహద్దు కొండల్లో ఓ పద్నాలుగు చిన్న చిన్న భాషలు. ఘనా మొదటి అధ్యక్షుడు ఎన్‌క్రుమా గారి మాతృభాష ఎన్‌జేమా కూడా వీటిలోదే, ఆయన పేరులో క్వామె అంటే శనివారం పుట్టినవాడని, కోఫీ అన్నన్‌లో కోఫీ అంటే శుక్రవారం పుట్టినవాడని మీకు తెలిసే ఉంటుంది, ఆ వారాల పేర్లు అకాన్‌వి. ఇంకో సంగతి, బెనిన్ దేశం వేరు, నైజీరియాలో ఉన్న బెనిన్ సిటీ వేరు, ఆ సిటీలో మాట్లాడే ఎదో (Edo) అనే భాష పాత క్వాలో ఉండేది, ఇప్పటి క్వాలో లేదు. నోట్స్ రాసుకునేటప్పుడు చాలామంది ఇక్కడ తడబడతారు.

ఇప్పుడు చరిత్ర. 1854లో కోలె అనే జర్మన్ మిషనరీ సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో కూర్చుని 100కి పైగా ఆఫ్రికా భాషల్లో దాదాపు 300 మాటలూ వాక్యాలూ పక్కపక్కన పెట్టి అచ్చేశాడు. ఫ్రీటౌన్‌లోనే ఎందుకంటే, బ్రిటిష్ నౌకాదళం బానిసల ఓడల్ని పట్టుకుని విడిపించినవాళ్లని తెచ్చి దింపింది అక్కడే, పశ్చిమాఫ్రికా నలుమూలల మనుషులు ఒక్క ఊళ్లో దొరికారు. అంత దుఃఖంలోంచి వచ్చినవాళ్లు చెప్పిన మాటలే తర్వాత వందేళ్లు జరిగిన పోలికలకి పునాది అయ్యాయి, ఈ విషయం పాఠాల్లో ఎవరూ చెప్పరు, చెప్పాలని నా పట్టుదల. 19వ శతాబ్దం చివర్లో క్రౌజె అనే ఆయన గినియా తీరం భాషలకి క్వా అనే పేరు పెట్టాడు. తర్వాత టోగోలో మిషనరీగా పనిచేసి ఎవె భాషని లోతుగా చదివిన వెస్టర్‌మన్ 1911లోనూ, మళ్లీ 1927లోనూ ఈ పశ్చిమ సూడాన్ (సూడాన్ దేశం కాదు, సహారా కింద పశ్చిమాఫ్రికా ప్రాంతం) భాషలన్నిటినీ పోల్చి గుంపులు చేశాడు. 1927 నాటికి ఆయన ఇవి స్వాహిలీ, లుగాండా లాంటివి ఉన్న బంటు భాషలకి చుట్టాలు అని కూడా గట్టిగా చూపించాడు, కానీ అప్పటి పెద్దలు బంటుని విడిగా ఒక కుటుంబంగా పెట్టుకుని ఉన్నారు.

దాన్ని పగలగొట్టింది అమెరికన్ భాషావేత్త గ్రీన్‌బర్గ్. 1949 నుంచి వరసగా వ్యాసాలు రాసి, 1963లో మొత్తం ఆఫ్రికా భాషల్ని నాలుగు కుటుంబాలుగా సర్దాడు. ఆయన చెప్పిన పెద్ద మాట, బంటు అనేది ప్రత్యేక కుటుంబం కాదు, నైజర్-కాంగోలో బెన్యూ-కాంగో అనే శాఖలో ఒక చిన్న కొమ్మ మాత్రమే, అది ఖండంలో మూడోవంతు దాకా పరుచుకుంది కాబట్టి పెద్దగా కనపడుతుంది అంతే. అప్పట్లో ఇది చాలామందికి మింగుడు పడలేదు, బంటు పండితుడు గత్రీ అయితే చివరిదాకా ఒప్పుకోలేదు. గ్రీన్‌బర్గ్ ఇంకో మంచి పని చేశాడు. ఫులా భాషని మైన్‌హాఫ్ అనే జర్మన్ పండితుడు అంతకు ముందు హామిటిక్‌లో (ఉత్తరాఫ్రికా వైపు భాషలకి అప్పట్లో కట్టిన గుంపు) పడేశాడు, ఆ వాదం చాలావరకు ఆ మనుషుల రూపం, పశువుల కాపరి జీవితం చూసి అల్లినది. గ్రీన్‌బర్గ్ భాషని భాషగా చూసి అది నైజర్-కాంగోలోదే అని తేల్చాడు. జాతిని చూసి భాషా కుటుంబం నిర్ణయించే రోగం అప్పటికి బాగా ముదిరి ఉంది, దాన్ని ఆయన కడిగిపారేశాడు, అందుకు ఆయనకి ఎంత పేరిచ్చినా తక్కువే.

కానీ అదే 1963 లెక్కలో క్వా అనేది చాలా పెద్దది. అకాన్, ఎవె, గా ఉన్నాయి సరే, వాటితో పాటు యొరూబా, ఇగ్బో, ఎదో, నూపె, ఇడొమా, ఇంకా లైబీరియా వైపు క్రూ భాషలు, నైజర్ డెల్టాలో ఇజో కూడా. క్రూ, ఇజో విషయంలో ఆయనకే అనుమానం ఉండింది. మీ దగ్గరున్న మొదటి పుస్తకం ఈ లెక్కని పట్టుకుంది. 1977లో బెనెట్, స్టెర్క్ అనే ఇద్దరు మూల పదజాలంలో ఎంత శాతం కలుస్తుందో లెక్కలు కట్టి, తూర్పు క్వా, అంటే యొరూబా, ఇగ్బో, ఎదో, నూపె గుంపు, పశ్చిమ క్వా కన్నా బెన్యూ-కాంగోకే దగ్గర అని వాదించారు. తర్వాత 1989లో వచ్చిన నైజర్-కాంగో సర్వే గ్రంథంలో స్టివార్ట్ అనే భాషావేత్త క్వా అధ్యాయం రాశాడు, క్రూ పోయింది, ఇజో పోయింది, తూర్పు గుంపు పోయింది, మిగిలింది ఇప్పుడు నేను మ్యాప్‌లో చెప్పిన చిన్న క్వా. దీన్నే కొత్త క్వా అంటారు. మీ రెండో పుస్తకం దీన్ని పట్టుకుంది.

ఇంతవరకు ఏ గైడ్‌లో అయినా దొరుకుతుంది. అసలు విషయం ఇక్కణ్ణుంచి.

ఒక ఉపశాఖ ఉంది అని చెప్పాలంటే ఏం చూపించాలి? పోలికలు చూపిస్తే చాలదు. ఆ భాషలన్నీ కలిసి చేసిన ఒక కొత్త మార్పు చూపించాలి, పక్క శాఖల్లో లేనిది. పాత ఆస్తి అందరికీ వచ్చి ఉండొచ్చు, అది ఎవరెవరు విడిగా కలిసి బతికారో చెప్పదు. ఇది మనకి తెలుగు ద్వారానే బాగా అర్థమవుతుంది. తెలుగుని ఒకప్పుడు గోండి, కుయి, కొలామి, పర్జీ అన్నిటితో కలిపి మధ్య ద్రావిడంలో వేసేవాళ్లు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మార్పుల్ని పట్టుకుని తెలుగు, గోండి, కుయి, కువి, కొండ భాషల్ని కొలామి-పర్జీ నుంచి విడదీసి దక్షిణ ద్రావిడం వైపు కలిపారు. తమిళంలో ఇరండు, మనకి రెండు, గోండిలో రండ్. తమిళంలో ఉరల్, మనకి రోలు. అచ్చు వెనక్కి పోయి ర, ల, డ లాంటివి మాట మొదటికి వచ్చేశాయి, ఇది తమిళం చేయలేదు, ఈ గుంపు చేసింది. అలాంటి సాక్ష్యం ఉంటే ఉపశాఖ అని ధైర్యంగా అనొచ్చు.

క్వాకి అలాంటిది ఏది? ఇక్కడే ఇబ్బంది. అకాన్, బౌలే, ఎన్‌జేమా లాంటివి కలిపిన పోటూ-టానో గుంపు గట్టిది, దానికి స్టివార్ట్ ధ్వనుల వరసలు చూపించి మూలరూపాలు కట్టాడు. ఎవె, ఫాన్, గెన్, అజా కలిసిన గ్బె గుంపు గట్టిది, అక్కడ అసలు అనుమానమే లేదు, కాపో అనే బెనిన్ పండితుడు వాటన్నిటికీ కలిపి గ్బె అన్న పేరు పెట్టి వాటి ధ్వనుల్ని పోల్చి చూపించాడు. గువాంగ్ గట్టిది. గా-దంగ్మె గట్టిది. కింది స్థాయిలో అన్నీ బాగున్నాయి. ఈ గుంపులన్నిటినీ కలిపి పైన ఒక్క క్వా అనే మూలభాష ఉండేది, అది యొరూబా-ఇగ్బో వైపు నుంచి విడిపోయి సొంతగా ఈ ఫలానా మార్పు చేసింది అని చూపించే ముక్క మాత్రం గట్టిగా దొరకలేదు. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నంత మాత్రాన అందరిదీ ఒకే ఇంటిపేరు అవ్వదు కదా, ప్రస్తుతానికి క్వా పరిస్థితి అదే.

మరి ఇన్నేళ్లు అంతమంది పెద్దవాళ్లు వీటిని ఒక గుంపు అని ఎందుకు అనుకున్నారు అంటే, వీటి వాలకం చూసి. బంటు భాషల్లో క్రియకి ముందూ వెనకా ప్రత్యయాలు వరసగా తగిలిస్తారు, నామవాచకాలకి తరగతులు (ముందక్షరాన్ని బట్టి తెలిసే గుంపులు) ఉంటాయి. తీరంలో ఉన్న ఈ భాషల్లో మాటలు పొట్టి, ఒకటి రెండు అక్షరాలు, ప్రత్యయాలు తక్కువ, స్వరం ఎత్తు మారితే అర్థం మారిపోతుంది, ఒకే వాక్యంలో క్రియలు వరసగా వచ్చేస్తాయి. అందరిదీ ఒకే వాలకం కాబట్టి ఒకే ఇల్లు అనుకున్నారు. ఉదాహరణకి స్వాహిలీలో పిక అంటే వండు, పికియా అంటే ఎవరికోసమో వండు, ఆ "కోసం" అనేది క్రియకి అంటుకున్న తోకలోనే ఉంది. ఎవెలో అలా తోక లేదు, "వండు" అనే క్రియ తర్వాత "ఇవ్వు" అని అర్థమిచ్చే "నా" అనే ఎవె క్రియని పెడతారు, అమ్మ వండి పెట్టింది అని మనం అంటాం చూడండి, ఆ పద్ధతికి దగ్గర్లో ఉంటుంది, కాకపోతే మనం మొదటి క్రియకి "వండి" అని అసమాపక రూపం ఇస్తాం, వాళ్లు ఏ గుర్తూ లేకుండా రెండు క్రియల్నీ అలాగే పక్కపక్కన పెట్టేస్తారు. అకాన్‌లో కత్తితో మాంసం కోశాడు అనాలంటే కత్తి పట్టాడు మాంసం కోశాడు అన్నట్టు కడతారు, మధ్యలో "మరియు" లాంటిది ఏదీ రాదు. ఈ క్రియల వరసని 1875లోనే క్రిస్టాలర్ తన అకాన్ వ్యాకరణంలో గమనించి రాశాడు, ఇప్పటికీ ఆ పుస్తకం తెరిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది, అంత శ్రద్ధగా విన్నాడాయన.

అయితే ఈ వాలకం విడివిడిగా కూడా వచ్చేస్తుంది. లారీ హైమన్ 2004లో సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఒక వ్యాసం రాశాడు, తోకలున్న బంటు రకం క్రియ ఎలా అరిగి అరిగి పొట్టి క్వా రకం క్రియ అవుతుందో చూపించాడు. క్రియకి ఇన్ని అక్షరాలకి మించి ఉండకూడదు అనే హద్దు ఒకటి మొదట నాలుగు అక్షరాల దగ్గర, తర్వాత మూడు, తర్వాత రెండు అని బిగుసుకుంటూ వస్తుంది, తోకలు రాలిపోతాయి, రాలిపోయిన పనిని "ఇవ్వు", "పట్టు" లాంటి విడి క్రియలు ఎత్తుకుంటాయి. ఈ బిగుసుకోవడం కామెరూన్‌లో బంటుకి బాగా దగ్గర చుట్టాలైన భాషల్లోనూ వేర్వేరు మెట్ల మీద కనిపిస్తుంది. అంటే క్వా వాలకం అనేది ఒక దశ, ఎవరైనా చేరగలిగే దశ. దాన్ని చుట్టరికానికి సాక్ష్యం చేసుకుంటే యొరూబాని, ఎవెని ఒకే గూట్లో పెట్టేస్తాం, గ్రీన్‌బర్గ్ నాటి క్వాలో చాలావరకు జరిగింది ఇదే అని నా అభిప్రాయం.

దీనికి అందమైన ఎదురు సాక్ష్యం క్వా లోపలే ఉంది, ఘనా-టోగో కొండ భాషలు. మొదట్లో జర్మన్లు వీటిని టోగోలో మిగిలిపోయిన భాషలు అన్నట్టు పేరు పెట్టారు, ఆ పేరు నాకు అస్సలు నచ్చదు, మిగిలిపోయినవి ఏంటండీ, నిక్షేపంగా బతికున్న భాషలు. చుట్టూ ఎవె, అకాన్ తరగతుల్ని దాదాపు పోగొట్టుకుంటే వీటిలో ఆ వ్యవస్థ ఇప్పటికీ పనిచేస్తోంది. సివు అనే భాష తీసుకోండి. భాష పేరు సివు, మనుషులు మావు, ఆ ఊళ్ల ప్రాంతం కావు. ముందక్షరం మారితే చాలు. ఇప్పుడు ఉగాండా చూడండి, భాష లుగాండా, మనుషులు బగాండా, రాజ్యం బుగాండా. అక్షరాలు అవే కాకపోవచ్చు గానీ యంత్రం ఒకటే. అకాన్‌లో కూడా ఆ యంత్రం విరిగిన ముక్కలు ఉన్నాయి, అబొఫ్రా అంటే పిల్లాడు, మ్మొఫ్రా అంటే పిల్లలు, ముందు భాగమే మారింది, స్వాహిలీలో మ్‌తోతో, వాతోతో అన్నట్టు. ఎవెలో అయితే ఆ ముందక్షరం ఉత్త అలంకారంగా మిగిలింది, బహువచనానికి వెనక వో అని చేరుస్తారు. కాబట్టి తరగతులు లేకపోవడం క్వా పుట్టుమచ్చ కాదు, వాటిని పోగొట్టుకోవడం తర్వాత, ఒక్కో గుంపులో ఒక్కోలా జరిగింది.

ఇక మీ మూడో ప్రశ్న, అకాన్-స్వాహిలీ. మాటలు చూడండి. నాలుగుకి అకాన్‌లో అనాన్, ఎవెలో ఎనె, ఇగ్బోలో అనొ, స్వాహిలీలో న్నె, ఎక్కడో సెనెగల్ వైపున ఉన్న ఫులాలో నయ్. మూడుకి ఎవెలో ఎతొ, గాలో ఎతె, ఇగ్బోలో అతొ, స్వాహిలీలో తాతు, ఫులాలో తాతి. నోటికి అకాన్‌లో అనొ, ఎవెలో ను, ఇగ్బోలో ఒను, యొరూబాలో ఎను. చెట్టుకి ఎవెలో అతి, స్వాహిలీలో మ్‌తి. సరే, ఇలాంటి పట్టికలు ఎవరైనా వేస్తారు, సంస్కృతానికీ తెలుగుకీ కూడా వేల మాటలు కలుస్తాయి, అరువు కదా అంటారు మీరు. అందుకే మాట కలవడం కన్నా మాట ఒక పద్ధతిలో తేడా పడటం ముఖ్యం. అకాన్‌లో మూడుకి మ్మియెన్సా, చివర సా. ఎవెలో అక్కడ త. ఇప్పుడు చెవి తీసుకోండి, ఎవెలో తో, లుగాండాలో కుతు, అకాన్‌లో మాత్రం అసొ. మళ్లీ త ఉన్నచోట స. అరువు తెచ్చుకున్న మాటల్లో సాధారణంగా ఇలా క్రమంగా తేడా రాదు. స్టివార్ట్ ఏళ్ల తరబడి చేసింది ఇదే, అకాన్ వైపు గుంపుని, బంటు మూలరూపాల్ని పక్కపక్కన పెట్టి ఇలాంటి వరసలు పట్టడం. అంకెలు, శరీర భాగాలు, నామవాచకాల ముందక్షరాల జతలు, ఈ మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి కాబట్టే చుట్టరికం అంటున్నాం.

ఇంకో జాగ్రత్త. క్వా లక్షణాలు అని నోట్స్‌లో రాసేవాటిలో కొన్ని అసలు కుటుంబానికే సంబంధం లేనివి. క్ప, గ్బ అని రెండు చోట్ల ఒకేసారి నోరు మూసి పలికే హల్లులు ఉన్నాయి కదా, అవి మధ్య సూడానిక్ భాషల్లోనూ ఉన్నాయి, వాటిని సాధారణంగా నైజర్-కాంగోలో కలపరు. నాలుక మూలం ముందుకీ వెనక్కీ జరగడం మీద ఆధారపడే అచ్చుల పొత్తు కూడా అంతే, దీని మీద అకాన్‌తో స్టివార్ట్ 1967లో రాసిన వ్యాసం ఫొనెటిక్స్‌లో మైలురాయి, కానీ ఆ పొత్తు ఇతర కుటుంబాల్లోనూ ఉంది. ఎవెలో యె అనే సర్వనామం ఉంది, "కోఫీ బె యె జో" అంటే కోఫీ తను వెళ్లానన్నాడు అని, ఆ తను కోఫీయే, ఇంకెవరో కాదు. యె బదులు మామూలు ఎ వాడితే ఎవరో వేరేవాడు వెళ్లాడన్న అర్థం వస్తుంది. మన తాను పని దీనికి ఎంత దగ్గరో చూడండి. అంతమాత్రాన తెలుగు, ఎవె చుట్టాలు అనం కదా. సహారా కింద అడ్డంగా పరుచుకున్న ఈ ప్రాంతాన్ని గుల్డెమన్ అనే భాషావేత్త ఒక భాషా మండలంగా చూశాడు, ఇరుగుపొరుగు వందల ఏళ్లు కలిసి మాట్లాడుకుంటే లక్షణాలు కుటుంబాలు దాటి పాకుతాయి. మన దగ్గర ట, డ, ణ లు ద్రావిడ, ఆర్య, ముండా భాషలన్నిటిలో ఉండటం లాంటిదే.

గ్బె భాషల గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఎవె, ఫాన్‌లని చిన్న క్వాలోనే ఉంచాం గానీ, వీటికి తూర్పున ఆనుకుని ఉన్నది యొరూబా. వీటి చోటు యొరూబా వైపుకి దగ్గరేమో అని వాదించినవాళ్లు ఉన్నారు. అకాన్ వైపుకి, యొరూబా వైపుకి మధ్య గీత ఎక్కడ గీయాలో తెలియకే కొందరు రెండిటినీ కలిపి బెన్యూ-క్వా అని పెద్ద పేరు పెట్టి ఊరుకున్నారు. నాకైతే ఆ పద్ధతి నిజాయితీగా అనిపిస్తుంది. లేని గీత గీసి విద్యార్థుల చేత బట్టీ పట్టించడం కన్నా, ఇక్కడ గీత ఇంకా పడలేదు అని చెప్పడం నయం. గ్బె ఎంత ముఖ్యమో అట్లాంటిక్ అవతల చూసినా తెలుస్తుంది, హైతీ వొడూ మాట ఫాన్ వైపు నుంచి వెళ్లిందే, సురినామ్‌లో సరమక్కన్ అనే క్రియోల్ (వేర్వేరు భాషలు కలిసి పుట్టిన భాష) మీద గ్బె ముద్ర స్పష్టంగా ఉంది.

పరీక్షలో ఎలా రాయాలంటే, గ్రీన్‌బర్గ్ 1963 ప్రకారం అని ఏడాది పెట్టి పెద్ద క్వా రాయండి, బెనెట్-స్టెర్క్ 1977, స్టివార్ట్ 1989 తర్వాత అని చిన్న క్వా రాయండి, ఏడాది లేకుండా యొరూబా క్వా అనిగానీ కాదనిగానీ రాయొద్దు, మార్కులు పోయేది అక్కడే. నైజర్-కాంగోలో 1500 పైగా భాషలున్నాయని రాసేటప్పుడు కూడా ఎవరి లెక్కో చెప్పండి, ఎందుకంటే ప్రపంచ భాషల్ని వర్గీకరించే వెబ్‌సైట్ గ్లోటోలాగ్ తెరిస్తే మాండె, డోగన్, ఇజో ఆ కుటుంబంలో కనిపించవు, వాటిని విడిగా పెట్టారు, మిగిలినదాన్ని అట్లాంటిక్-కాంగో అంటారు, క్వా మాత్రం అక్కడ కూడా దాని లోపలే ఓల్టా-కాంగో కింద ఉంటుంది. టైమ్ ఉంటే సివు, అవాటిమె, లెలెమి లాంటి కొండ భాషల్లో ఏదో ఒకదాని తరగతుల పట్టిక, బంటు పట్టిక పక్కపక్కన వేసుకుని ఓ పూట కూర్చోండి. ఏ జత ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ తేలట్లేదో రాసి ఇక్కడ పెడితే నేను చూస్తా.